తేలిక సంచి

అతను పోయాడన్న కబురు మా పాత రియాద్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పొద్దున వచ్చింది. కాఫీ తాగుతూ చదివాను. హనుమకొండలో, సొంత ఇంట్లో, మంచం మీద నిద్రలోనే పోయాడట. మధ్యాహ్నానికల్లా గ్రూపు దండాలతో, పువ్వులతో, వెలిగించిన దీపాల బొమ్మలతో నిండిపోయింది. ‘గొప్ప సాహసి’ అని ఒకరు రాశారు. ‘మనం కాలం గడిపాం, ఆయన బతికాడు’ అని ఇంకొకరు. సాయంత్రం వాళ్ళలో ఒకాయన నాకు ఫోన్ చేసి, నేను అందరికంటే పెద్దవాణ్ణనీ, ఊహ తెలిసినప్పటి నుంచీ డైరీ రాసే అలవాటున్నవాణ్ణనీ గుర్తుచేసి, అతని గురించి ఒక పేజీ రాసి గ్రూపులో పెట్టమన్నాడు. ఆలోచించి రాస్తానన్నాను.

ఆలోచించే రాస్తున్నాను. కానీ ఆయన అడిగిన పేజీ ఇది కాదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న మర్యాద నాకూ తెలుసు. ఆ మర్యాద పాటించేవాళ్ళు గ్రూపులో చాలామంది ఉన్నారు. వాళ్ళకు నా సాయం అక్కర్లేదు.

అతన్ని తలచుకుంటే నాకు ముందు కనిపించేది మొహం కాదు, సంచి. ఒకప్పుడు పచ్చగా ఉండి, తర్వాత ఏ రంగో చెప్పలేకుండా పోయిన వీపుసంచి. రియాద్ విమానాశ్రయంలో సెలవుకు వెళ్ళే మనవాళ్ళను చూసినవాళ్ళకు ఆ దృశ్యం తెలుసు. పెద్ద పెద్ద సూట్‌కేసులు, నైలాను తాడు చుట్టి పేరు రాసిన అట్టపెట్టెలు, దుప్పట్లు, తూకం దగ్గర విప్పి మళ్ళీ కట్టుకోవడాలు. అతను ఆ వరుస పక్కనుంచి ఒక్క సంచితో నడిచిపోయేవాడు. పోతూ పోతూ, “ఏంది సార్, ఇల్లు ఇల్లంత మోసుకపోతున్నరా?” అనేవాడు. మా అందరికీ అతను పెట్టిన పేరు సూట్‌కేసోళ్ళు. ఎదురుగానే అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

తన పళ్ళ బ్రష్షు పిడిని సగానికి కోసుకున్నాడు. బరువు తగ్గుతుందట. చొక్కాల మెడ దగ్గరి గుడ్డ చీటీలు కత్తిరించేవాడు. గదిలో ఒక కంచం, ఒక గ్లాసు. మనిషికి ఇంతకు మించి ఏం కావాలి సార్ అని అడిగేవాడు, సన్యాసిలాగా. మాలో కుర్రవాళ్ళు ఆ గదిని చూసివచ్చి గొప్పగా చెప్పుకునేవారు.

నేను వృత్తిరీత్యా మెయింటెనెన్స్ ప్లానింగ్ ఇంజనీరును. ఏ వస్తువు ఎక్కడ ఉందో, లేకపోతే ఎక్కణ్ణుంచి వస్తోందో చూడటం నా పని. అతని గదిలో ఇస్త్రీపెట్టె లేదు, కానీ అతని చొక్కాలు నలిగి ఉండేవి కావు. ఆ ఇస్త్రీపెట్టె మా ఇంటిది. గొడుగు పక్క ఫ్లాటు వాళ్ళది. ఫోన్ ఛార్జర్ ఆఫీసులో ఎవరిది దొరికితే వాళ్ళది. కారు కొనలేదు, అదొక గుదిబండ అనేవాడు. శుక్రవారం కూరగాయలకైనా, సెలవుకు విమానాశ్రయానికైనా, ఆ గుదిబండ ఉన్న మా బోటివాళ్ళే అతన్ని ఎక్కించుకుపోవాలి. అతని సంచి తేలిగ్గా ఉండటం వెనక పెద్ద విద్య ఏమీ లేదు. అందులో ఉండాల్సినవన్నీ మా సంచుల్లో ఉండేవి.

శుక్రవారం మధ్యాహ్నాలు రియాద్‌లోని మలాజ్ పేటలో మా ఫ్లాటులో భోజనాలు. అతను సోఫాలో కూర్చునేవాడు కాదు. నేలమీద, సోఫాకు వీపు ఆనించి, కాళ్ళు బారచాపుకుని కూర్చునేవాడు. అది హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే దారి. మా ఆవిడ వేడి గిన్నెలు పట్టుకుని ఆ కాళ్ళు దాటుకుంటూ తిరిగేది. దాటేవాళ్ళు ఒక్కక్షణం ఆగుతారు కదా, ముడుచుకుంటాడేమోనని. ముడుచుకునేవాడు కాదు. కథ ఆపేవాడూ కాదు.

కథ ఎప్పుడూ ఒకటే. గ్వాటెమాలా. అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే ఆ దేశానికి మనవాళ్ళకు వేరే వీసా అక్కర్లేదని అతను ఎక్కడో చదివాడు. ఏదో ట్రైనింగు కోసం మా కంపెనీ అతనికి అమెరికా వీసా వేయించింది. ట్రైనింగు రద్దయింది, వీసా మిగిలింది. ఆ ఏడు సెలవుకు ఇంటికి పోకుండా అటు వెళ్ళాడు. అక్కడి బస్సులన్నీ అమెరికాలో స్కూలు పిల్లలు తిరిగి తిరిగి వదిలేసినవి. వాటికి గుళ్ళో రథాలకు వేసినట్టు రంగులు వేసి, ముగ్గురు పట్టే సీటులో ఐదుగుర్నీ రెండు కోళ్ళనీ కూర్చోబెడతారు. నడుస్తున్న బస్సు పైకి క్లీనరు కోతిలా ఎక్కి మూటలు కడతాడు. తెల్లవారకముందే ప్రతి ఇంట్లోంచీ ఆడవాళ్ళు మొక్కజొన్న రొట్టెలు చేతులతో తట్టే చప్పుడు వినిపిస్తుంది. పొద్దునా సాయంత్రం నల్ల చిక్కుళ్ళ ముద్ద. కొండల మధ్య ఒక చెరువు, చెరువు చుట్టూ నిప్పుకొండలు.

అన్నీ మాకు కంఠతా వచ్చు. అయినా వినేవాళ్ళం, ఎందుకంటే బాగా చెప్పేవాడు. అది నేను కాదనను. చివర్లో నిప్పుకొండ ఘట్టం వచ్చేది. అప్పుడు టీపాయ్ మీది నా కళ్ళజోడు డబ్బాను నిలబెట్టేవాడు. అది అతను ఎక్కిన కొండ. దానికి ఎదురుగా ఆవకాయ సీసా. అది నిప్పులు కక్కే కొండ. ఉప్పు డబ్బా అతను. ఉప్పు డబ్బా మెల్లగా ఎక్కేది. బూడిద ఇసుకలో ఒక అడుగు పైకి వేస్తే సగం అడుగు కిందికి జారుతుందట. ముందు నడిచే దారి చూపే మనిషి “పోకో ఆ పోకో” అంటూ ఉంటాడట. కొంచెం కొంచెంగా అని. ఉప్పు డబ్బా శిఖరం చేరేది. అక్కణ్ణుంచి ఎదుటి కొండ నిప్పులు కక్కడం చూడాలి. అప్పుడు అతను చేతిరుమాలు తీసి ఆవకాయ సీసా మీద కప్పేసేవాడు.

“అంతా మబ్బు. ఉరుము తీర్గ చప్పుడు ఇనొస్తది, కనవడదు. పొద్దుందాక కూసున్న. కనవడలే.”

ప్రతిసారీ మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ రుమాలు వంక చూస్తూ, “అయ్యో” అనేది. మొదటిసారి విన్నట్టే.

మా ఆవిడ గురించి ఇక్కడ చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఆమె ఎన్.సి.సి.లో ఉండేది. కొండల్లో నడిచే శిబిరానికి కాలేజీ నుంచి ఆమెను ఎంపిక చేశారు. మా మామగారు సంతకం పెట్టలేదు. ఆడపిల్ల కొండలెక్కి ఎవరిని ఉద్ధరించాలని అడిగారట. ఆ తర్వాత పెళ్ళి, తెనాలి, రియాద్, ఫ్లాటు. ఇంటికి తాళం వేస్తే తలుపు ముందు కారు, కారు దిగితే దుకాణం. ఆమె ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. యాభై దాటాక ఒకరోజు, కేదారనాథ్ వెళ్దామండీ అంది. వెళ్దాం, హెలికాప్టరు ఉంటుంది అన్నాను. వద్దు, నడిచి ఎక్కుదాం, గుర్రం వద్దు, డోలీ వద్దు అంది. భక్తి అనుకున్నాను. మొక్కు ఏమైనా ఉందేమోననుకున్నాను.

ఈ సంగతి శుక్రవారం భోజనాల దగ్గర చెప్పినప్పుడు అందరూ పుణ్యం గురించి మాట్లాడారు. అతను మాత్రం నేలమీద నుంచి తల ఎత్తి ఆమెను చూసి అన్నాడు:

“అక్కా, నువ్వు గుడికి వోతలేవు. నువ్వు నడువనీకి వోతున్నవ్.”

ఆమె గరిటె పక్కన పెట్టి నవ్వింది. దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది. అప్పుడు ఆ శిబిరం సంగతి అందరికీ చెప్పింది. నాకు పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో ఒక్కమాటగా చెప్పిన సంగతి అది.

ఇది అతనికి అనుకూలంగా చెప్పడం లేదు. ఆమెకు ఏం కావాలో ఆ గదిలో తెలిసినవాడు అతనొక్కడే అని చెబుతున్నాను. తెలియక చేసినవాళ్ళను నేను నా ఉద్యోగంలో ఎందరినో క్షమించాను.

ఆ చలికాలమంతా అతను ఆమెకు నడక నేర్పాడు. తన దగ్గరున్న ఒక చిన్న వీపుసంచి తెచ్చి పట్టీలు ఆమె భుజాలకు సరిచేశాడు. బరువైనవి వీపుకు దగ్గరగా, తేలికవి బయటివైపు సర్దాలన్నాడు. కొత్త బూట్లు కొండ మీద మొదటిసారి తొడగకూడదు, ఇంట్లోనే అరగదీయాలన్నాడు. ఆమె బూట్లు తొడుక్కుని కూరలు తరిగేది. సాయంత్రాలు అబాయా కింద ఆ బూట్లతో, వీపున బియ్యం నింపిన సంచితో మలాజ్ పార్కు చుట్టూ నడిచేది. అక్కడ నడిచే సౌదీ ఆడవాళ్ళు మొదట్లో వింతగా చూశారు. తర్వాత వాళ్ళలో ఒకావిడ రోజూ సంచి పట్టుకు చూసి, ఇవాళ ఎంత పెంచావని చేత్తో సైగ చేసి అడగడం మొదలుపెట్టింది. మా బిల్డింగులో లిఫ్టు ఉన్నా ఆమె మెట్లే ఎక్కేది. ఒక్కో మెట్టుకూ తనలో తాను “పోకో ఆ పోకో” అనుకునేది. చపాతీలు వత్తేటప్పుడు కూడా అదే మాట.

రెండు సెలవురోజులు కలిసొస్తే తాయిఫ్ కొండలకు వెళ్ళాం. కారు నాది, నడిపింది నేను, పులిహోర ఆమెది. అతను వెనక సీటులో కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. షఫా అనే ఊరి దగ్గర కారు ఆపి ఒక మేకలబాట పట్టుకుని నడిచాం. వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక. “మాట్లాడుకుంట నడువొస్తే గదే నీ స్పీడు అక్కా. మాట ఆగిందంటే కాళ్ళు ఆపు,” అని చెబుతున్నాడు. ఆమె మాట ఆగలేదు. చిన్నప్పటి సంగతులేవో చెబుతూనే ఎక్కింది. పైకి చేరేసరికి ఆమె సంచిలోని నీళ్ళ సీసా ఖాళీ. అతను నీళ్ళు తెచ్చుకోలేదు. దారి పొడుగునా ఆమె సీసాయే తాగాడు. నేను నా సీసా ఆమెకిచ్చాను. దాన్ని కూడా ఆమె ముందు అతనికే అందించింది, దాహంగా ఉన్నాడని.

తిరిగి వచ్చేసరికి రోడ్డు మీది కోతులు, ఆ కొండల్లో తిరిగే పెద్ద మొహాల కోతులు, కారు పైకెక్కి కూర్చుని ఉన్నాయి. అతను తలుపు సరిగ్గా వేయలేదు. పులిహోర పోయింది. “గవి గూడ సూట్‌కేసు లేకుంటనే బతుకుతయ్ సార్,” అన్నాడు. మా ఆవిడ రోడ్డు పక్కన కూర్చుని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఆ రోజు డైరీలో నేను ఒక్క వాక్యమే రాశాను: ఆవిడ నడవగలదు.

ఇక మా సెలవుల పద్ధతి చెప్పాలి. మా కంపెనీ ఒక పెద్ద ఆస్పత్రి చిల్లర్లను నడిపే కాంట్రాక్టు చేసేది. చిల్లర్లంటే భవనమంతటికీ చల్లదనం ఇచ్చే యంత్రాలు. వాటికి ఆస్పత్రివాళ్ళు పేరు పేరునా ఆమోదించిన ఇంజనీర్లు ఇద్దరే, నేనూ అతనూ. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ దేశంలో ఉండి తీరాలి. ఒకరు సెలవునుంచి వచ్చి డ్యూటీలో చేరి సంతకం పెడితేనే రెండోవారికి ఎగ్జిట్ రీఎంట్రీ తీస్తారు. ఆ వీసా లేకుండా దేశం దాటితే తిరిగి రావడం ఉండదు. రెండోవాణ్ణి మా ఆఫీసులో అందరూ అరబ్బీ మాటతో బదీల్ అనేవారు. జూన్ వస్తే ఎండలు, సెప్టెంబరు దాకా ఎవరికీ సెలవు లేదు. అంటే ఏప్రిల్‌లో అతను వెళ్ళి రావాలి, మే మొదట్లో గుడి తలుపులు తెరవగానే మేము వెళ్ళి రావాలి. ఆ సెలవుల పట్టీ గీసింది నేనే, నా టేబుల్ ఎదురుగా గోడకు అంటించింది నేనే. అతను దాని ముందు నిలబడి, మా పేరున్న గడి మీద వేలు పెట్టి, “అక్క కొండ,” అన్నాడు.

అతను మళ్ళీ గ్వాటెమాలాకే వెళ్ళాడు. ఆ మబ్బు సంగతి తేల్చుకోవాలట. నేనే విమానాశ్రయంలో దింపాను.

రావాల్సిన రోజు రాలేదు. మెయిల్ వచ్చింది. కడుపులో ఇన్ఫెక్షన్, ప్రయాణం వద్దని డాక్టరు అన్నాడు, కొద్ది రోజులు ఆలస్యమవుతుంది అని. మా ఆవిడ తన ప్రయాణం గురించి ఒక్కమాట అనలేదు. “దేశం కాని దేశంలో ఎవరు చూస్తారండీ అతన్ని,” అంది. జీలకర్ర నీళ్ళు ఎలా కాచుకోవాలో, ఏం తినకూడదో వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టింది. అప్పటికి ఆమె సంచి సర్ది తలుపు పక్కన ఉంది. పైన ఉన్ని టోపీ, పక్క జేబులో నీళ్ళ సీసా.

నేను మా మేనేజరు దగ్గరకు వెళ్ళాను. జోర్డాన్ మనిషి, నేనంటే గౌరవం ఉన్నవాడే. కూర్చోబెట్టి గహ్వా, వాళ్ళ కాఫీ, పోయించాడు. అయినా నా కాగితం చూసి తల అడ్డంగా ఊపి, “మాఫీ బదీల్, మాఫీ ఇజాజా,” అన్నాడు. బదీల్ లేడు, సెలవు లేదు. మా ఆవిణ్ణి మా తమ్ముడి కుటుంబంతో పంపుదామని చూశాను. ఆమె ఒప్పుకోలేదు. మీరు వెనక నడుస్తుంటేనే నేను ముందు నడవగలను అంది. అతని కొద్ది రోజులు వారాలై, రియాద్‌లో దిగేసరికి మే నెల చివరి వారంలో పడ్డాం. టిక్కెట్లు అప్పటికే రద్దయ్యాయి.

ఆమె సంచి విప్పడం నేను చూశాను. సర్దిన వరుసకు తలకిందుల వరుసలో, ఒక్కొక్కటీ తీసి అలమారలో పెట్టింది. బూట్లు మాత్రం తలుపు దగ్గరే ఉంచింది.

అతను వచ్చిన తర్వాతి శుక్రవారం భోజనాలకు వచ్చాడు. చిక్కిపోలేదు. ఎండకు నల్లబడి, ముక్కు మీద తోలు ఊడి, మంచి ఆరోగ్యంగా ఉన్నాడు. మా ఆవిడకు అక్కడి నేతగుడ్డతో కుట్టిన చిన్న చేతిసంచి తెచ్చాడు, ఎర్ర పిట్టల బొమ్మలున్నది. ఆమె అతనికోసం మిరియాల చారు, మెత్తటి అన్నం విడిగా వండింది. అతను ఆవకాయ వేసుకున్నాడు.

భోజనాలయ్యాక ఎవరో అడిగారు, ఈసారైనా కనిపించిందా అని. అతను అటూ ఇటూ చూసి నా కళ్ళజోడు డబ్బా అందుకున్నాడు. ఆవకాయ సీసా, ఉప్పు డబ్బా. ఉప్పు డబ్బా ఎక్కింది. రుమాలు కప్పాడు.

“మల్ల మబ్బే. ఇగ ఎట్ల? తిరిగొచ్చే రోజు దగ్గరకొచ్చింది. కిందికి దిగి చెరువు కాడ ఊర్ల కూసున్న. ఆఫీసుకు మెయిల్ గొట్టిన, కడుపునొప్పి అని.” అందరూ నవ్వారు. అతను నవ్వు ఆగేవరకూ ఆగి, “అక్క మెసేజ్ వచ్చింది, జీలకర్ర నీళ్ళు తాగు తమ్మీ అని. కొండ మీద డేరల కూసోని సదివిన,” అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో టీ గ్లాసుల పళ్ళెం. ఆమె నన్ను చూడలేదు. రుమాలునే చూస్తోంది.

“మరి విడిచిందా మబ్బు?” అని అడిగింది.

అతను రుమాలు చివర రెండు వేళ్ళతో పట్టుకుని, గారడీవాడిలా ఒక్కసారిగా లాగేశాడు. ఎర్రటి నిప్పు ఆకాశానికి ఎలా లేచిందో, రాళ్ళు దొర్లుతూ కొండ పక్కల మీద ఎలా గీతలు గీశాయో, చప్పుడు కాసేపయ్యాక ఎలా వచ్చి ఛాతీకి తగిలిందో చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె పళ్ళెం పట్టుకునే నిలబడింది. టీ చల్లారిపోయింది.

అప్పుడు నేను అడిగాను, అందరి ముందే. పట్టీలో మా గడి మీద వేలు పెట్టి చూసి వెళ్ళావు కదా, ఆ మెయిల్ కొట్టేటప్పుడు అది గుర్తుందా అని.

గుర్తులేదని అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. అతను కాళ్ళు చాపుకునే ఉన్నాడు. నా వైపు తిరగలేదు. ఆమె వైపు చూసి నవ్వుతూ అన్నాడు:

“హిమాలయాలు ఏడికి వోతయ్ అక్కా? వచ్చే ఏడు నేనే దగ్గరుండి ఎక్కిస్త.”

“అలాగే తమ్ముడూ,” అందామె. టీ వెచ్చబెట్టుకొస్తానని లోపలికి వెళ్ళింది. వెళుతూ అతని కాళ్ళు దాటింది.

హిమాలయాలు ఎక్కడికీ పోలేదు. ఆ అక్టోబరులో చూద్దామంటే మా కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కంపెనీ పేరు మీదకు ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, మారేదాకా ఎవరికీ ఎగ్జిట్ రీఎంట్రీ ఇవ్వలేదు. ఆ మార్పులోనే అతను ఉద్యోగం వదిలి హనుమకొండ వెళ్ళిపోయాడు. మరుసటి వసంతానికి కరోనా వచ్చి విమానాలు, గుళ్ళు, పార్కులు అన్నీ మూసుకున్నాయి. ఆ మూసుకున్న రోజుల్లో ఆమె ఫ్లాటులోనే హాలునుంచి వంటింటికి సంచితో నడిచింది. మళ్ళీ తలుపులు తెరుచుకునేసరికి మోకాళ్ళు వాచాయి. ఎక్స్‌రే చూసి డాక్టరు, గుజ్జు అరిగిపోయిందమ్మా, నేలమీద కూర్చోవద్దు, మెట్లు వద్దు అన్నాడు. కొండ సంగతి మేము అడగనేలేదు. నేను ఉద్యోగం చాలించాక ఒక మోకాలికి ఆపరేషన్ చేయించాం.

అతను పండగలకు ఫోన్ చేసేవాడు. నేను ఎత్తితే, “సార్, అక్కకియ్యుండ్రి,” అనేవాడు. ఇచ్చేవాణ్ణి. ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పేవాడు, ఆమె వినేది. వచ్చే ఏడు అన్న మాట ఆ ఫోన్లలో మళ్ళీ ఎప్పుడైనా వచ్చిందా అని ఒకసారి అడిగాను. లేదండీ అంది. నేను అడగలేదు, అతను అనలేదు అంది. అతని మీద ఆమెకు కోపం లేదు. ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. ఆమె తరఫున కూడా కోపం నేనే పెట్టుకున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి రియాద్‌లో డాక్టరుగా పనిచేస్తోంది. ఎండలు తగ్గాక విజిట్ వీసా మీద మేమిద్దరం వచ్చాం. అమ్మాయి ఫ్లాటు కూడా మలాజ్‌లోనే, పాత పార్కు కిటికీలోంచి కనిపిస్తుంది. మా ఆవిడ సాయంత్రాలు కర్ర పట్టుకుని అక్కడ ఒక చుట్టు తిరిగి, బెంచీ మీద కూర్చుంటుంది. అతను పోయాడని చెప్పినప్పుడు కర్ర గోడకు ఆనించి కూర్చుంది. తర్వాత, మంచి మాటకారి అంది.

ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచీ, గ్రూపులో ఏమైనా పెట్టాలా, పెడితే ఏమని పెట్టాలి అని రోజూ కాగితం ముందు కూర్చున్నాను. ఈ పొద్దున అతని తమ్ముడు గ్రూపులో ఫోటోలు పెట్టాడు. అన్న ఎప్పుడో చెప్పి ఉంచాడట, అస్థికలు ఎత్తయిన చోట కలపమని. అందుకని కేదారనాథ్ తీసుకుపోతున్నాడు. గౌరీకుండం దగ్గర ఒక ఫోటో, దారి మధ్యలో ఒకటి, పైన మలుపులో ఒకటి. తమ్ముడు లావుపాటి మనిషి. అన్నీ ఆయన వీపునే ఉన్నాయి. పక్కన వేలాడే నీళ్ళ సీసా, దుప్పటి, వాటి మధ్య ఆ రంగు తెలియని సంచి, అందులో అతను. తమ్ముడు చెమట తుడుచుకుంటున్నాడు. గ్రూపంతా దండాలు పెట్టింది.

నేను ఆ ఫోటోను చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు కూడా ఇతన్ని ఎవరో మోస్తున్నారు.

మా ఆవిడ చెయ్యి చాపితే ఫోన్ ఇచ్చాను. ఆమె మూడో ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. సంచిని దాటించి, తమ్ముణ్ణి దాటించి, పైకి జరిపింది. రాళ్ళు పరిచిన దారి, ఇనుప కమ్మీలు, ఆ పైన మెట్లు, ఆ పైన తెల్లటి కొండ. దాన్ని అటూ ఇటూ జరిపి చాలాసేపు చూసింది.

“మబ్బు లేదండీ,” అంది.

ఫోన్ తిరిగి తీసుకున్నాను. దండం పెట్టలేదు.